ఈ ఇంటి కోడలెవులు?

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా తాతగారు పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆయన కళ్ళు ఈపాటికి చేటలంత అయి ఉండాలి.

ఎనిమిది రోజుల కిందట, ఆదివారం నాడు, ఇక్కడి బర్మా తెలుగువాళ్ళ కమిటీ నుంచి ఇద్దరు తామ్వే పేటలో మా ఇంటికొచ్చారు. అమ్మోరి గుడి పక్కన కొత్త హాలు కట్టారు. గోడ మీద మన తెలుగు పెద్దల ఫొటోలు వరసగా పెడతారట. అందులో మొట్టమొదటి ఫొటో మా తాతగారిది కావాలట. మనవాళ్ళలో నల్లకోటు వేసుకుని కోర్టు మెట్లెక్కిన మొదటి ప్లీడరు, దొరల సర్కారులో ఆఫీసరు, జాతిరత్నం. కమిటీ ప్రెసిడెంటు ఈ మాటలన్నీ చెబుతూ నేనిచ్చిన టీ ఊదుకుని తాగాడు. ఆయన ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ఆయన తాత మా తాతగారు ఎదురుపడితే నేల మీద ఉమ్మేసేవాడు. ఎవరో చెబితే విన్నది కాదు, చూసినదే. తాతగారి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఆ ఉమ్మి నా చెప్పు పక్కనే పడింది.

నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో ఒళ్ళు మండితే మాట్లాడకుండా ఉండడం నేర్చుకున్నాను. వచ్చే ఆదివారం రమ్మన్నాను, వెతికి ఉంచుతానన్నాను. వాళ్ళు మెట్లు దిగాక ట్రంకుపెట్టె తీశాను.

ఫొటో పెట్టె అడుగున మా అమ్మ లోంజీలో, ఇక్కడివాళ్ళు నడుముకి కట్టుకునే బట్టలో, చుట్టి ఉంది. ఇన్నేళ్ళయినా ఆ బట్టకి తనాఖా వాసన పోలేదు. తనాఖా అంటే ఇక్కడి చెట్టు బెరడు. రాతి సాన మీద నీళ్ళు చల్లి అరగదీస్తే లేత పసుపు రంగు గంధం వస్తుంది. బర్మా ఆడవాళ్ళు పొద్దున్నే బుగ్గలకి రాసుకుంటారు. మా అమ్మ బర్మా మనిషి. ఈ గొడవంతా అక్కడే మొదలు.

అప్పట్లో మా ఇల్లు పబేడాన్ పేటలో, మేడ మీద. కింద మసాలా దినుసుల కొట్టు. పక్కన బిర్యానీ దేగిసాలు. ఎదురు టీ కొట్టులో పొద్దుటే నూనెలో వేగే పొడుగాటి పిండి వంట, ఈచాక్వే. ఆ మూడు వాసనలూ కలిసి మెట్ల మీదుగా మా ఇంట్లోకి వచ్చేవి. ఆ వీధిలో ప్రతి మేడ నుంచీ ఒక తాడు వేలాడుతుంది, దాని కింది కొసకు క్లిప్పు, పైకొసకు గంట. పేపరు తెచ్చినవాడు దాన్ని క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మా తాడుకి క్లిప్పుతో పాటు చిన్న వెదురుబుట్ట కూడా ఉండేది. దాని సంగతి చెబుతాను.

తాతగారు ఉద్యోగం దిగిపోయినా, దొరలే ఓడెక్కి పోయినా, నల్లకోటు మాత్రం విప్పలేదు. మండుటెండలో కూడా వసారాలో పేము కుర్చీ వేసుకుని, కోటు గుండీలు పెట్టుకుని, లావుపాటి లా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇక్కడి తెలుగువాళ్ళంతా విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవాళ్ళే. వాళ్ళు ఓడ దిగి మూటలు మోశారు. ఈయన ఓడ దిగి చదువుకున్నాడు. అందులో తప్పు లేదు. ఆ చదువుతో ఎవరి మెడ మీద కూర్చున్నాడన్నదే తప్పు.

ఆయన వీధిలోకి దిగితే పిల్లలు వెనకపడి "మషిబూ! మషిబూ!" అని అరిచేవాళ్ళు. మషిబూ అంటే బర్మా భాషలో 'లేదు' అని. ఆయన పేరు కాస్తా అదే అయిపోయింది. పెద్దవాళ్ళు సైతం మషిబూ ప్లీడరనే అనేవాళ్ళు. నాకు తెలియక ఒకసారి నేనూ ఆ పిల్లలతో కలిసి అరిచి, ఇంటికొచ్చి చెవి మెలితిప్పించుకున్నాను. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు ఘటం సంగతి చెప్పాలి.

మా అమ్మోరి పండగ, బర్మావాళ్ళ కొత్త సంవత్సరానికి జరిగే తింజాన్ నీళ్ళ పండగ వెళ్ళిన మరుసటి వారం వస్తుంది. ఘటానికి పసుపు రాసి, వేపమండలు కట్టి, నెత్తిన పెట్టుకుని డప్పులతో వీధివీధీ తిప్పుతారు. సిక్కోలు, విశాఖపట్నం వైపు ఇది అందరూ ఎరిగినదే. కానీ ఇక్కడ దానికి ఇంకొకటి చేరింది. ఘటం ఏ గుమ్మం ముందాగినా మోసే మనిషి, "ఈ ఇంటి కోడలెవులు?" అని గట్టిగా అడగాలి. మూడుసార్ల దాకా అడగొచ్చు. ఇంటి పెద్దాయన తన కోడలి పేరు పైకి పలకాలి. పేరు పలికించుకున్న కోడలు చెంబుతో వచ్చి మోసే మనిషి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి. అప్పుడు ఘటానికి కట్టిన వేపరెమ్మ ఒకటి తుంచి ఆమె కొప్పులో పెడతారు. అంతే.

రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళంతా మగాళ్ళు. ఇక్కడి ఆడపిల్లల్ని కట్టుకున్నారు. పురోహితుడు రాడు, మేళం లేదు, అటువాళ్ళూ ఇటువాళ్ళూ రారు. అందుకని కూలీల బారకాసుల్లో పెద్దలు ఈ పద్ధతి పెట్టుకున్నారు. తండ్రి లేకపోతే గదిలో పెద్దవాడు పలికేవాడు. ఘటం ముందు పేరు పలికితే ఆ పిల్ల మన పిల్ల. ఇక దానికి తిరుగు లేదు.

ఆ పద్ధతి మెడ విరిచినవాడు మా తాతగారు.

రేవులో ఒక కళాసీ బియ్యం బస్తాల కింద పడి పోయాడు. అతని భార్య బర్మా మనిషి, ఇద్దరు పిల్లలు. పదోరోజు కూడా కాకుండానే మరిది వచ్చి, అన్న గది నాది, నువ్వెవరు అన్నాడు. ఆమె కోర్టుకెళ్ళింది. మూడేళ్ళు ఘటం ముందు మామగారు నా పేరు పలికాడు, వీధంతా విన్నది అంది. మరిది తరఫున తాతగారు నిలబడ్డాడు. కుండ అడిగితే మనిషి బదులు పలకడం పెళ్ళి కాదన్నాడు. హిందువుకీ బర్మా ఆడదానికీ చట్టంలో పెళ్ళి లేదన్నాడు. భార్య లేదు, పిల్లలు లేరు, హక్కు లేదు. ఆ వాదన నాకు నోటికి వచ్చు. నాకు ఇంగ్లీషు కాపీ దిద్దిస్తూ ఆయనే వినిపించేవాడు, చేతిలో పెన్సిలు ఊపుకుంటూ, పాట పాడినట్టు.

గెలిచాడు, మషిబూ పేరు అప్పుడే వచ్చింది. ఆ తీర్పు చూపించి ఇంకా ఎన్నో గెలిచాడు. దొరలకి నచ్చాడు. కూలీల చావులూ వారసులూ ఎవరో తేల్చే ఆఫీసరు కుర్చీ ఇచ్చారు. ఎన్ని గదుల నుంచి ఎందరు ఆడవాళ్ళు చంకలో పిల్లతో బయటికొచ్చారో ఆయనే చెప్పాలి. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

గుడి పెద్దలు అప్పుడు ఒక మంచి పని చేశారు. వాళ్ళు చేసిన ఒకే మంచి పని అది, అందుకని చెప్పాలి. కోర్టు లేదన్న ఆ భార్య నెత్తి మీదే ఇక ఏటా ఘటం పెట్టారు. అమ్మోరే మోయించుకుంటే కోర్టు ఎవరు అన్నారు. ఆ ఏటి నుంచి ఘటం మా గుమ్మం ముందు ఆగకూడదని కూడా తీర్మానించారు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆమె ముసలిదయింది. మా వీధి మొదట్లో మొహింగా అమ్మేది. మేమంతా అఫ్వా అనేవాళ్ళం, బర్మాలో అవ్వ అని.

మొహింగా తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అది చేపల పులుసులో బియ్యపు సేమ్యా. అందులో అరటిబొంద, నిమ్మగడ్డి, అల్లం పడతాయి. అఫ్వా కుండ మూత తీస్తే ఆ వాసన వీధి ఈ చివరి దాకా వచ్చేది. ఆమె దగ్గర మొహింగా కొనకూడదని తాతగారి ఆజ్ఞ. కొనేది మామ్మ.

మామ్మ నోట్లో నాలుక లేని మనిషి, కానీ చేతులకి బుర్ర ఉండేది. తాతగారు స్నానానికి వెళ్ళగానే నేను వసారాలోంచి బుట్ట దించేవాణ్ణి. బుట్టలో మామ్మ వేసిన ఆవకాయో, సున్నుండలో ఉండేవి. గంట మోగకుండా నాలుక్కి గుడ్డ చుట్టడం నా పని. పైకి లాగితే బుట్టలో గిన్నెడు పులుసు. మామ్మ దాన్ని తన గిన్నెలోకి వంచి, కొంచెం చింతపండు పిండి, పోపు పెట్టి తాతగారికి వడ్డించేది. చేపల పులుసు నీ చేతిలో ఉన్నట్టు ఎవరి చేతిలోనూ ఉండదే అని ఆయన వేళ్ళు నాకేవాడు. నేనూ మామ్మా నవ్వు బిగబట్టుకుని, మొహాలు చూసుకోకుండా కూర్చునేవాళ్ళం. ఆ ఒక్క నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు చల్లగా ఉంటుంది.

పండగనాడు మామ్మ చెంబుతో పసుపునీళ్ళు పట్టుకుని మెట్ల కింద గుమ్మంలో నిలబడేది. ఘటం ఆగదని తెలుసు. అయినా నిలబడేది. డప్పులు దాటిపోయాక ఆ నీళ్ళు తులసికుండీలో పోసేసి పైకొచ్చేది. అఫ్వా మాత్రం దాటేటప్పుడు కొంచెం మెల్లగా నడిచేది.

ఇక మా అమ్మ. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు తాతగారూ మామ్మా నాన్నా ఏరు దాటి ఒక పల్లెలో తలదాచుకున్నారు. దాచినవాళ్ళు అమ్మ వాళ్ళ నాన్న, అమ్మ. ఆ ఇంట్లో వాళ్ళ అన్నం తిని, వాళ్ళు తెచ్చిన చేప తిని, వాళ్ళ లోంజీలు కట్టుకుని ప్రాణాలు కాపాడుకున్నారు. నాన్న అక్కడే ఆమెని కట్టుకున్నాడు. తాతగారు ఆ పెళ్ళి భోజనంలో కూర్చున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాం. ఈయన వాసాలు లెక్కపెట్టి, ఊరికి తిరిగొచ్చాక అసలు ఆ ఇల్లే లేదన్నాడు.

ఎలా ఒప్పుకుంటాడు? ఒప్పుకుంటే గెలిచిన కేసులన్నీ అబద్ధమవుతాయి. దొరలు పోయారు, చట్టాలు మారాయి, ఆయన మాత్రం మారలేదు. అమ్మని ఇంట్లో ఉండనిచ్చాడు. వండనిచ్చాడు, బట్టలు ఉతకనిచ్చాడు. కోడలని ఒక్కసారి పిలవలేదు. నేను ఆమెని తెలుగులో అమ్మా అనకూడదు. బర్మాలో అమే అనుకోవచ్చు. తెలుగులో అంటే నలుగురూ వింటారట, ఒప్పుకున్నట్టవుతుందట. పబేడాన్ వీధిలో ఐదేళ్ళ పిల్లవాడు అమ్మా అంటే చట్టం కూలిపోతుందా? అప్పుడు అడగడం నాకు తెలియలేదు.

ఇంటింటికీ మనుషుల జాబితా రాసివ్వమని సర్కారు నుంచి కాయితం వచ్చినప్పుడు తాతగారే తన గుండ్రటి అక్షరాలతో నింపాడు. కొడుకు, అవివాహితుడు. అమ్మ పేరు ఎదురుగా వంటమనిషి. నా పేరు ఎదురుగా పెంచుకుంటున్న పిల్లవాడు. నాన్న ఆ కాయితం చూశాడు. రైల్వేలో గుమాస్తా పని చేసే మనిషి, కాయితం అంటే ఏమిటో తెలిసినవాడు. చూసి మడిచి బల్ల మీద పెట్టేశాడు. నాన్నని నేను క్షమించానని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇది రాస్తుంటే క్షమించలేదని తెలుస్తోంది.

అమ్మకి ఉన్న కోరిక ఒక్కటే. ఘటం ఒక్కసారి మా గుమ్మం ముందు ఆగాలి, తన పేరు ఎవరో ఒకరు పలకాలి, చెంబు తను పట్టుకోవాలి. నాతో బర్మాలో చెప్పేది, తల దువ్వుతూ. పేరు పలికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనేది.

ఆ ఏడు వానల్లో మామ్మ పోయింది. ఆమె మసాలా బీరువాకి తాతగారు తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పప్పు, పసుపు, చింతపండు ఏ పూటకి ఆ పూట ఆయనే తీసిచ్చేవాడు. వంటమనిషి చేతికి బీరువా ఇవ్వకూడదు కదా.

మామ్మ పోయిన తరువాత కూడా నేను పొద్దున్నే బుట్ట దించాను. అలవాటు. అఫ్వా తల ఎత్తి చూసింది. మామ్మ లేదని చెప్పాను. ఆమెకి తెలుసు. గిన్నె బుట్టలో పెట్టి, మీ అమేకి చెప్పు, ఈసారి పండక్కి ఘటంతో మీ గుమ్మం ముందు ఆగుతాను అంది.

అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో గరిటె ఉంది, దాన్ని కింద పెట్టడం మర్చిపోయి నిలబడింది.

పండగ వచ్చింది. అమ్మ పొద్దున్నే తలంటు పోసుకుంది, మామ్మ చీర కట్టుకుంది. చీర కట్టడం మామ్మే నేర్పింది. తాతగారిని కొంచెం పసుపు అడిగింది. ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. రెండోసారి అడిగింది. ఇవాళ కూరలో పసుపు అక్కర్లేదు అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. సాన మీద తనాఖా అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. ఎప్పుడూ రెండు నిమిషాల్లో ఆగే చప్పుడు ఆ రోజు చాలాసేపు ఆగలేదు. చెంబునిండా కలిపింది. చూడడానికి పసుపునీళ్ళలాగే ఉన్నాయి, కొంచెం లేతగా.

ఎండ నడినెత్తికి రాకముందే డప్పులు మా వీధిలోకి తిరిగాయి. తాతగారు కోటు గుండీలన్నీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. నాన్న గదిలో తలుపు వారగా నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు, తేలు కుట్టిన దొంగలా. అమ్మ చెంబుతో మెట్ల పైకొసన ఉంది.

అఫ్వా ఆగింది. ముందు డప్పులవాళ్ళకి తెలియక నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కి చూశారు. డప్పులు ఆగిపోయాయి. మేడల మీద అందరూ వంగి చూస్తున్నారు. గుడి పెద్ద, అదే మన ప్రెసిడెంటు గారి తాత, ఆమె దగ్గరికెళ్ళి నడవమన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఘటం బరువుతో తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం పైకెత్తింది.

"ఈ ఇంటి కోడలెవులు?"

తాతగారు పలకలేదు.

"ఈ ఇంటి కోడలెవులు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. కోర్టులో ఎలా సవరించుకునేవాడో నాకు చాలాసార్లు చేసి చూపించాడు. అదే గొంతు.

"ఈ ఇంట్లో కోడలు లేదు. నా కుమారుడు అవివాహితుడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎడమచెయ్యి నా తల మీదే ఉంది.

నేను ఆ చేతిని లాగి కొరికాను. నాకున్న పళ్ళన్నీ దిగేలా కొరికాను. నా నోట్లో ఉప్పగా తగిలింది. ఆయన అరవలేదు, నన్ను కొట్టలేదు. చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆ పళ్ళగాటు ఆయన పోయేదాకా ఉంది. ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నిటిలో దాని గురించి మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పదలుచుకోలేదు.

కింద అఫ్వా మూడోసారి అడిగింది. ఈసారి మేడ మీదికి చూసి కాదు, మెట్ల వైపు చూసి. ఎవరూ పలకలేదు. మెట్ల మీద అమ్మ అడుగులు వినిపించాయి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. తన పేరు తనే పలికింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, వీధి ఆ చివర టీ కొట్టులో వాళ్ళు కూడా విన్నారు. వంగి చెంబు మొత్తం అఫ్వా కాళ్ళ మీద పోసింది.

అఫ్వాకి వాసన తెలిసింది. ఏ ఆడపిల్లకి తెలియదు ఆ వాసన, ఈ ఊళ్ళో? పుట్టిన నాటి నుంచీ బుగ్గల మీద ఉన్నదే. ఘటం మోసేటప్పుడు నవ్వకూడదంటారు. ఆమె నవ్వింది.

"సల్లగున్నాది, తల్లీ," అంది.

చెయ్యెత్తి, ఘటానికి కట్టిన వేపరెమ్మ ఒకటి తుంచి అమ్మ కొప్పులో పెట్టింది.

ఇక్కడితో ఆగి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. అప్పుడు గుడి పెద్ద ముందుకొచ్చాడు. తాతగారు ఎదురుపడితే ఉమ్మేసే మనిషి. లేదన్న తీర్పు మీద పంతానికి ఘటం అఫ్వాకి ఇచ్చిన మనిషి. వంగి నీళ్ళు చేత్తో తాకి వాసన చూశాడు.

"ఇది పసుపు కాదు గదా. పెద్దాయన పలకనూ నేదు. ఇది నెక్కలోకి రాదమ్మా."

వెంటనే ఎవరో పసుపునీళ్ళు తెచ్చారు. అఫ్వా కాళ్ళు మళ్ళీ కడిగారు, అమ్మ పోసినదంతా పోయేదాకా. డప్పులు మొదలయ్యాయి. మేడ మీద ఉన్నాయన లేదన్నాడు, వీధిలో ఉన్నాయనా లేదన్నాడు. జీవితమంతా ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట మీద నిలబడ్డారు.

మరుసటి ఏడు ఘటం అఫ్వాకి ఇవ్వలేదు. ఆగవద్దన్న చోట ఆగిందని ఇంకొకరికి ఇచ్చారు. ఆమె మొహింగా అమ్ముకుంటూనే పోయింది.

అమ్మ ఆ రోజు పైకొచ్చి, చీర మడిచి పెట్టి, లోంజీ కట్టుకుని వంట చేసింది. వేపరెమ్మ ఎండి రాలేదాకా కొప్పులోంచి తియ్యలేదు. తాతగారు దాన్ని చూడనట్టే ఉన్నాడు. కానీ వారం లోపల ఒక పని చేశాడు. మామ్మ ఉండగా స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఒకటి గోడకి ఉండేది. తాతగారు, మామ్మ, నాన్న, కొసన అమ్మ, ఆమె పక్కన నేను. ఆ ఫొటోని ఫ్రేములోంచి తీసి, కాయితాల కత్తెరతో అమ్మ ఉన్నంత మేర కత్తిరించేశాడు. అయితే ఒక చిక్కొచ్చింది. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. అది కత్తిరిస్తే నేనూ పోతాను. అందుకని చెయ్యి వదిలేశాడు.

రెండేళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. లేదు అనడానికి కూడా నోరు లేదు. అన్నం కలిపి చెంచాతో పెట్టింది అమ్మే. మూతి తుడిచింది, పక్క మార్చింది, పళ్ళగాటు ఉన్న ఆ చెయ్యి కూడా కడిగింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారేవి. పశ్చాత్తాపం అని నాన్న అనేవాడు. పక్షవాతం వచ్చినవాళ్ళకి కళ్ళు కారతాయి, డాక్టరు చెప్పాడు. నేను డాక్టరు మాటే నమ్మాను.

పెద్దయ్యాక అమ్మని ఒకసారి అడిగాను, అలాంటి మనిషికి ఎందుకు చేశావని. అప్పటికి ఆమె తెలుగు బాగా మాట్లాడేది, బారకాసుల తెలుగు. సాన మీద తనాఖా అరగదీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆయన నేదన్నాడు. నానున్నాను గదా."

నిన్న ఆదివారం. ప్రెసిడెంటు గారు, ఆయనతో కమిటీలో పనిచేసే అమ్మాయి మళ్ళీ వచ్చారు. ఫొటో బల్ల మీద పెట్టాను. తాతగారి మొహం బాగా వచ్చింది, పెద్దది చేయిస్తామని ప్రెసిడెంటు సంబరపడ్డాడు. ఆ అమ్మాయి మాత్రం అంచు దగ్గర వేలు పెట్టి, "తాతా, ఈ చెయ్యి ఎవులిది?" అంది. ప్రెసిడెంటు ఫోను తీసి, ఒక్క నిమిషం, దాన్ని తీసేయొచ్చు, ఇప్పుడు చాలా సులువు అన్నాడు.

తియ్యొద్దన్నాను. అంతా చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. ఉమ్మి సంగతి కూడా చెప్పాను, ఆయన తాతదే అని. ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు. ఒక్కటే అడిగాను. ఫొటో మొత్తం పెట్టండి, చెయ్యితో సహా. కింద మా అమ్మ పేరు రాయండి, ఈ ఇంటి కోడలు అని. అలా అయితే మీ జాతిరత్నాన్ని తీసుకుపొండి, దండ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆయన కమిటీ వాళ్ళకి ఫోను చేస్తానని వసారాలోకి వెళ్ళాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆ అమ్మాయి ఫొటోని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ప్రెసిడెంటు వచ్చి, చెయ్యి ఉండొచ్చు, దానికి అందరూ ఒప్పుకున్నారన్నాడు. పేరు మాత్రం కష్టం, అన్నాడు. ఏదైనా రాయాలంటే ఆధారం కావాలి కదా, మేం పాత జాబితాలు తిరగేశాం, మీ ఇంటి కాయితంలో కోడలు లేదండీ.

ఆ కాయితం రాసింది ఎవరో తెలుసునా అని అడగలేదు. ఆ అమ్మాయి చేతుల్లోంచి ఫొటో మెల్లగా తీసుకున్నాను. అమ్మ లోంజీలో చుట్టాను.

"ఫొటో మషిబూ," అన్నాను.

నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. అచ్చం తాతగారి గొంతు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఏదో ఒకటి ఇన్నాళ్ళకి పనికొచ్చింది. వాళ్ళు మెట్లు దిగిపోయారు. ఆ అమ్మాయి మలుపులో ఆగి మా అమ్మ పేరు ఏమిటని అడిగింది, చెప్పాను.

వచ్చే వారం పండగ. ఇప్పుడు ఘటం చిన్న ట్రక్కు మీద వస్తుంది, కోడలెవరని మైకులో అడుగుతారు. మా అబ్బాయి భార్య ఇక్కడి కరెన్ జాతి పిల్ల, బ్యాంకులో పని, ఆ రోజు సెలవు పెట్టమన్నాను. తనాఖా చెక్క తెచ్చి ఉంచాను, సాన అమ్మదే. మూడు అంతస్తుల మీద నుంచి నేను పేర్లు పలకాలి, ముందు మా అమ్మది, తరవాత ఈ పిల్లది. వాళ్ళ మైకు కన్నా గట్టిగా పలుకుతాను. లెక్కలోకి రాదని ఎవరైనా అంటే పైకి రమ్మనండి, నాకింకా పళ్ళున్నాయి.